సీ ప్రాజెక్టులో ఏ కంపైలర్ వార్నింగులు ఆన్ చేయాలి, వేటి జోలికి పోకూడదు

బిల్డ్ కొట్టగానే స్క్రీన్ నిండా వార్నింగులు జారిపోతుంటాయి, చివర్లో ఎర్రర్ లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఇలా నడిచే సీ ప్రాజెక్టులు బోలెడు. అక్కడ వార్నింగులు ఆన్‌లో ఉన్నా లేనట్టే. పాతవి వందల కొద్దీ రోజూ కనిపిస్తుంటే ఇవాళ కొత్తగా చేరిన ఒక్కటి ఎవరి కంట పడుతుంది? అది సరిగ్గా బఫర్ దాటి రాస్తున్న చోట వచ్చిందైనా సరే, గుంపులో కలిసిపోతుంది. అందుకే ఫ్లాగుల లిస్టు పెంచుకుంటూ పోవడం కన్నా, పెట్టుకున్న లిస్టు మీద బిల్డ్ సున్నా వార్నింగులతో శుభ్రంగా రావడం చాలా ముఖ్యం అంటాను. ఏ వార్నింగు వచ్చినా ఆగి చూడటానికి టీమ్ ఒప్పుకుంటుందో దాన్నే ఆన్ చేయాలి, మిగతావి ఎంత గొప్పవైనా పక్కన పెట్టాలి. కింద చెప్పేదంతా ఈ లెక్క మీదే.

రాసే పద్ధతి గురించి ఒక మాట. జీసీసీ, క్లాంగ్ అనే సీ కంపైలర్లు రెండిట్లోనూ వార్నింగు ఫ్లాగులు మైనస్ గుర్తు, దాని వెనక పెద్ద డబ్ల్యూతో మొదలవుతాయి. ప్రతిసారీ అవి రాయకుండా వెనకున్న పేరొక్కటే రాస్తాను. ఏదైనా ఆఫ్ చేయాలంటే ఆ పేరు ముందు నో, హైఫన్ చేర్చడమే.

ముందు ఆల్, ఎక్స్‌ట్రా

ఈ రెండిటి గురించి ఆలోచించాల్సిన పని లేదు, ఏ ప్రాజెక్టులోనైనా పెట్టేయండి. అయితే జీసీసీలో ఆల్ పెట్టినంత మాత్రాన అన్ని వార్నింగులూ రావు. మామూలుగా సులభంగా సరిచేయగలిగేవి, ఎక్కువమంది తప్పే అని ఒప్పుకునేవి మాత్రమే అందులో ఉంటాయి. మైక్రోసాఫ్ట్ కంపైలర్‌లో మాత్రం వాల్ (అదే ఆల్) అంటే నిజంగానే అన్నీ వచ్చి మీద పడతాయి, అక్కడ డబ్ల్యూ4 తో మొదలుపెట్టడం మేలు. మీ మెషీన్ మీదున్న జీసీసీ ఏవేవి ఆన్ చేస్తోందో ఊహించాల్సిన అవసరం కూడా లేదు. పెద్ద క్యూ ఆప్షన్‌తో పాటు హెల్ప్ ఈక్వల్స్ వార్నింగ్స్ అని ఇచ్చి, పక్కన మీ ఫ్లాగులు పెడితే ఏది ఎనేబుల్ అయిందో ఏది కాలేదో మొత్తం పట్టిక చూపిస్తుంది.

ఆల్ విలువ తెలియాలంటే 2014 ఫిబ్రవరిలో బయటపడిన ఆపిల్ బగ్గు గుర్తు చేసుకుంటే చాలు. సురక్షిత కనెక్షన్లు చూసుకునే ఎస్‌ఎస్‌ఎల్ కోడ్‌లో గోటూ ఫెయిల్ అనే లైను పొరపాటున రెండుసార్లు పడింది. మొదటిది ఇఫ్ కింద ఉంది, రెండోది కూడా అంతే లోపలికి జరిపి ఉంది కానీ ఇఫ్‌కి సంబంధం లేదు, బ్రేసులు లేవు మరి. దాంతో ప్రతిసారీ అక్కడి నుంచి దూకేసి, అసలు సంతకం సరిచూసే లైను దాకా పోకుండానే అంతా బాగుంది అన్న విలువ తిరిగి వచ్చేది. 2016లో వచ్చిన జీసీసీ 6 లో మిస్‌లీడింగ్-ఇండెంటేషన్ అనే వార్నింగు చేర్చినప్పుడు రిలీజ్ నోట్సులో ఇదే కోడును ఉదాహరణగా చూపించారు. అది ఇప్పుడు ఆల్‌లోనే ఉంది. క్లాంగ్‌లో కూడా 10వ వెర్షన్ నుంచి ఉంది.

ఎక్స్‌ట్రాలో వచ్చేవాటిలో నాకు బాగా పనికొచ్చేది సైన్-కంపేర్. సీ++ కి ఇది ఆల్‌లోనే వస్తుంది, సీ కి మాత్రం ఎక్స్‌ట్రా పెడితేనే వస్తుంది, కాబట్టి ఆల్ ఒక్కటే పెట్టుకుని ఊరుకున్నవాళ్లకు ఇది కనపడదు. దీన్ని కాస్త దగ్గరగా చూద్దాం, ఎందుకంటే వార్నింగును ఎలా సరిచేయకూడదో కూడా ఇందులోనే తెలుస్తుంది. ఒక అరే మీద లూప్ రాశారు. ఐ అనేది ఇంట్, లెన్ అనేది సైజ్_టీ. ఐ విలువ లెన్ మైనస్ 1 కన్నా తక్కువ ఉన్నంతసేపు తిరగాలి. కంపైలర్ సైన్డ్‌ని అన్‌సైన్డ్‌తో పోలుస్తున్నావు అంటుంది. చాలామంది వెంటనే ఐ ని కూడా సైజ్_టీ చేసేస్తారు, వార్నింగు మాయమవుతుంది, కమిట్ కొట్టేస్తారు. బగ్గు ఎక్కడికీ పోలేదు. అరే ఖాళీగా వచ్చిన రోజు లెన్ సున్నా, అందులోంచి 1 తీస్తే అన్‌సైన్డ్‌లో మైనస్ 1 రాదు, 64 బిట్ల మెషీన్ మీద 18446744073709551615 వస్తుంది, లూప్ అరే దాటి ఎక్కడికో పోయి క్రాష్ అవుతుంది, లేదా క్రాష్ కూడా అవ్వకుండా పక్క డేటాను చెడగొడుతుంది. చేయాల్సిన మార్పు షరతును తిప్పి రాయడం: ఐ ప్లస్ 1, లెన్ కన్నా తక్కువ. ఇప్పుడు ఐ ని సైజ్_టీ చేసినా నష్టం లేదు. వార్నింగు చూపించిన వేలు టైపు వైపు ఉంది, అసలు తప్పు పక్కనున్న తీసివేతలో ఉంది.

ఎక్స్‌ట్రాలో ఒకటి మాత్రం ఆఫ్ చేసుకున్నా తప్పులేదు, అన్‌యూజ్డ్-పారామీటర్. కాల్‌బ్యాకులు ఎక్కువగా ఉన్న కోడ్‌లో ఫంక్షన్ రూపం మన చేతిలో ఉండదు, వాడని పారామీటర్లు తప్పవు. ప్రతిచోటా వాయిడ్ కాస్ట్ రాసుకుంటూ కూర్చోవడం వల్ల ఒరిగేదేమీ లేదు.

స్విచ్‌లో ఒక కేసు నుంచి ఇంకో కేసులోకి జారిపోవడాన్ని పట్టే ఇంప్లిసిట్-ఫాల్‌త్రూ జీసీసీ 7 నుంచి ఎక్స్‌ట్రాలో ఉంది. క్లాంగ్‌లో దాన్ని విడిగా అడగాలి. ఇంకో తేడా ఏంటంటే, కావాలనే జారిపోతున్నాం అని కామెంట్ రాస్తే జీసీసీ ఒప్పుకుంటుంది కానీ సీ కోడ్‌లో క్లాంగ్ ఆ కామెంట్‌ను పట్టించుకోదు, ఫాల్‌త్రూ ఆట్రిబ్యూట్ రాయాల్సిందే. రెండు కంపైలర్లతోనూ బిల్డ్ చేసేవాళ్లు మొదటి నుంచీ ఆట్రిబ్యూట్ రాయడం అలవాటు చేసుకుంటే గొడవ ఉండదు.

వీటికి పైన ఏవి చేర్చాలి

ఇక్కడి నుంచి ప్రాజెక్టును బట్టి ఉంటుంది. కొత్తగా మొదలుపెడుతున్న ప్రాజెక్టులో అయితే నేను ఆలోచించకుండా పెట్టేవి: షాడో (లోపలి వేరియబుల్ అదే పేరున్న బయటిదాన్ని కప్పేస్తే చెబుతుంది), ఫార్మాట్ ఈక్వల్స్ 2, స్ట్రిక్ట్-ప్రోటోటైప్స్, మిస్సింగ్-ప్రోటోటైప్స్, అన్‌డెఫ్, రైట్-స్ట్రింగ్స్, వీఎల్‌ఏ (పొడవు ప్రోగ్రామ్ నడిచేటప్పుడే తేలే అరేలను పట్టిస్తుంది). జీసీసీ వాడితే వీటికి తోడు డూప్లికేటెడ్-కాండ్, లాజికల్-ఆప్. ఈ చివరి రెండూ చాలా అరుదుగా మోగుతాయి, మోగాయంటే మాత్రం దాదాపు ఎప్పుడూ కాపీ పేస్ట్ తప్పే దొరుకుతుంది.

అన్‌డెఫ్ చాలామందికి తెలియదు, నాకు ఇది ప్రాణం. ప్రీప్రాసెసర్‌లో ఇఫ్ పక్కన రాసిన మాక్రో ఎక్కడా డిఫైన్ అయి లేకపోతే దాన్ని సున్నాగా లెక్కేసి ముందుకు పోవడం సీ నియమం. అంటే మీరు హ్యావ్_టీఎల్‌ఎస్ అని రాయబోయి ఒక అక్షరం తప్పు కొడితే ఆ బ్లాకు మొత్తం బిల్డ్‌లోంచి నిశ్శబ్దంగా ఎగిరిపోతుంది. టెస్టులు కూడా అదే మాక్రో కింద ఉంటే అవీ ఎగిరిపోతాయి, అన్నీ పాస్ అని కనిపిస్తుంది. ఈ ఒక్క ఫ్లాగు దాన్ని వెంటనే పట్టిస్తుంది.

మిస్సింగ్-ప్రోటోటైప్స్ పాత కోడ్‌లో పెడితే ఒకేసారి కుప్పలుగా వస్తాయి, భయపడకండి. వాటిలో చాలావరకు ఆ ఫైల్లోనే వాడుతూ స్టాటిక్ అని రాయడం మర్చిపోయిన ఫంక్షన్లే ఉంటాయి. స్టాటిక్ పెట్టుకుంటూ పోతే ఇంకో లాభం, ఎవరూ పిలవని ఫంక్షన్లు అన్‌యూజ్డ్-ఫంక్షన్ కింద బయటపడతాయి, చచ్చిన కోడ్ తీసేయొచ్చు.

ఫార్మాట్ వార్నింగులు ఆల్‌లోనే ఉన్నా, అవి ప్రింట్‌ఎఫ్ లాంటి తెలిసిన ఫంక్షన్లకే పనిచేస్తాయి. మీ ప్రాజెక్టులో లాగ్ రాయడానికి సొంత ఫంక్షన్ ఉందంటే, దాని డిక్లరేషన్‌కి ఫార్మాట్ ఆట్రిబ్యూట్ తగిలించి ఎన్నో పారామీటర్ ఫార్మాట్ స్ట్రింగో, ఎన్నో దాని నుంచి విలువలు మొదలవుతాయో చెప్పండి. ఒక్క లైను పని. ఆ లైను చేర్చి మళ్లీ బిల్డ్ కొడితే వచ్చే వార్నింగులు ఎక్కడెక్కడ ఉంటాయో గమనించండి, ఎక్కువగా ఎర్రర్ దారుల్లో ఉంటాయి. ఫైల్ తెరుచుకోలేదు, మెమరీ దొరకలేదు, కనెక్షన్ తెగింది అని లాగ్ రాసే చోట్లు. అవి టెస్టుల్లో ఎప్పుడూ నడవవు, ప్రొడక్షన్‌లో నిజంగా ఏదో పాడైనప్పుడే నడుస్తాయి, సరిగ్గా అప్పుడే స్ట్రింగ్ అడిగిన చోట ఇంట్ దొరికి ప్రోగ్రామ్ పడిపోతుంది, ఏం జరిగిందో లాగ్‌లో కూడా మిగలదు. ఈ గైడ్‌లో ఒక్కటే పాటిస్తాను అనేవాళ్లు ఉంటే ఇది పాటించండి.

స్విచ్ గురించి కూడా ఒక అలవాటు చెప్పాలి. ఈనమ్ మీద స్విచ్ రాసినప్పుడు ఏదైనా విలువ వదిలేస్తే ఆల్ మనకు చెబుతుంది, కానీ డిఫాల్ట్ కేసు రాశారో ఆ వార్నింగు నోరు మూసుకుంటుంది. ఆర్నెల్ల తర్వాత ఎవరో ఈనమ్‌లో కొత్త విలువ చేరిస్తే అది డిఫాల్ట్‌లో పడిపోతుంది. అందుకని ఈనమ్ స్విచ్‌లలో డిఫాల్ట్ తీసేసి, దారి తప్పిన విలువల సంగతి స్విచ్ అయిపోయాక కింద చూసుకోవడం మంచిది. స్విచ్-ఈనమ్ అనే ఫ్లాగు డిఫాల్ట్ ఉన్నా అడుగుతుంది కానీ, పెద్ద ఈనమ్‌లో రెండు విలువలే కావాల్సిన చోట అది విసిగిస్తుంది.

కన్వర్షన్ సంగతి

అసలు తలనొప్పి ఇదే. పెద్ద టైపు విలువను చిన్న టైపులో పెడుతున్న ప్రతిచోటా ఇది అరుస్తుంది, సీ లో జీసీసీకి దీంతోపాటు సైన్-కన్వర్షన్ కూడా వస్తుంది. దీన్ని పాత కోడ్ మీద ఆన్ చేసినవాళ్లు గంటలోపే ఆఫ్ చేసేస్తారు. మరీ దారుణం, కొందరు పట్టుదలగా కూర్చుని ప్రతిచోటా కాస్ట్ పెట్టి సున్నాకు తెస్తారు. దానివల్ల కోడ్ ముందుకన్నా పాడవుతుంది. సైజ్_టీ లో ఉన్న పొడవును ప్యాకెట్ హెడర్‌లోని 16 బిట్ల ఫీల్డులో పెడుతున్నారనుకోండి. 65536 బైట్లు వస్తే ఆ ఫీల్డులో సున్నా పడుతుంది. వార్నింగు దాని గురించే చెబుతోంది. కాస్ట్ పెట్టి నోరు మూయిస్తే ఆ సున్నా అలాగే పడుతుంది, ఇకమీదట ఏ టూలూ దాని గురించి అడగదు కూడా, ప్రోగ్రామర్ కావాలనే చేశాడు అనుకుంటుంది. సరైన పని ముందు పరిమితి చెక్ రాయడం, చెక్ దాటాకే కాస్ట్.

నా సలహా: బయటి నుంచి వచ్చే డేటాను విప్పే ఫైళ్లకు, అంటే పార్సర్లు, ప్రోటోకాల్ కోడ్, ఫైల్ ఫార్మాట్లు చదివే చోట్లకు మాత్రమే కన్వర్షన్ పెట్టండి. ఆ పది పన్నెండు ఫైళ్లలో ప్రతి వార్నింగునూ చదివి ఆలోచించి సరిచేయండి. మిగతా ప్రాజెక్టుకు వద్దు. మేక్‌ఫైల్‌లో ఫైలును బట్టి ఫ్లాగు ఇవ్వడం పెద్ద పనేం కాదు. మైక్రోకంట్రోలర్ కోడ్ రాసేవాళ్లు డబుల్-ప్రమోషన్ కూడా చూడండి, డబుల్‌కి హార్డ్‌వేర్ లేని చిప్ మీద తెలియకుండా ఫ్లోట్ కాస్తా డబుల్ అయిపోతే ఆ లెక్కలన్నీ సాఫ్ట్‌వేర్‌లో నడిచి చాలా నెమ్మదిస్తాయి.

పెట్టకూడనివి

ప్యాడెడ్, అగ్రిగేట్-రిటర్న్, ట్రెడిషనల్ లాంటివి మామూలు ప్రాజెక్టులో పెట్టొద్దు. స్ట్రక్ట్‌లో ప్యాడింగ్, అంటే ఫీల్డుల మధ్య కంపైలర్ వదిలే ఖాళీ, ఉండటం తప్పు కాదు. పెడాంటిక్ అనేది మీ కోడ్ వేరే కంపైలర్ల మీద కూడా కంపైల్ అవ్వాలి అంటేనే. క్లాంగ్‌లో ఎవ్రీథింగ్ అని ఒకటుంది, ఉన్నవన్నీ ఆన్ చేస్తుంది. ఏమేం వార్నింగులు ఉన్నాయో చూడటానికి ఒకసారి నడపండి, బాగుంది, రోజువారీ బిల్డ్‌లో మాత్రం వద్దు. ఒకదానికొకటి పడనివి కూడా అందులో ఉంటాయి: కొత్త వెర్షన్లలో స్విచ్‌కి డిఫాల్ట్ లేకపోతే ఒక వార్నింగు, అన్ని విలువలూ రాశాక డిఫాల్ట్ ఉంటే ఇంకో వార్నింగు. రెండిటినీ ఒకేసారి మెప్పించలేం.

పాత కోడ్ మీద ఎలా మొదలుపెట్టాలి

ముందు క్లీన్ బిల్డ్ చేయండి. మేక్ మారిన ఫైళ్లనే కంపైల్ చేస్తుంది కాబట్టి నిన్నటి వార్నింగులు ఇవాళ కనిపించవు, తగ్గాయని పొరబడతాం. మొత్తం అవుట్‌పుట్‌ను ఒక ఫైల్లోకి పంపి, ముందు ఒకేలా ఉన్న లైన్లు తీసేయండి, లేదంటే ఒక హెడర్‌లో ఉన్న ఒక్క వార్నింగు దాన్ని ఇంక్లూడ్ చేసిన ప్రతి ఫైలుకూ లెక్కలోకి వస్తుంది. తర్వాత ప్రతి వార్నింగు చివర బ్రాకెట్లో ఉండే ఫ్లాగు పేరును గ్రెప్‌తో లాగి, సార్ట్ చేసి, యూనిక్‌తో లెక్కపెట్టండి. ఏ ఫ్లాగు ఎన్నిసార్లు మోగుతోందో పట్టిక వస్తుంది.

ఇప్పుడు ఒక్కో ఫ్లాగు నుంచి ఒక ఇరవై వార్నింగులు అక్కడక్కడ నుంచి తీసి, కోడ్ తెరిచి చదవండి. ప్రతిదాన్నీ మూడు రకాల్లో ఒకదానిలో వేయండి: నిజంగా బగ్గు, బగ్గు కాదు కానీ సరిచేస్తే కోడ్ బాగుపడుతుంది, సరిచేస్తే కోడ్ పాడవుతుంది. మూడో రకం ఎక్కువగా ఉన్న ఫ్లాగును మొహమాటం లేకుండా తీసేయండి. మొదటి రకం ఒక్కటి దొరికినా ఆ ఫ్లాగు ఉండాల్సిందే. మధ్యలో ఉన్నవాటికి తొందర లేదు. తక్కువ సార్లు మోగే ఫ్లాగుతో మొదలుపెట్టి, సున్నాకు తెచ్చి, వెంటనే ఆ ఒక్క ఫ్లాగును ఎర్రర్‌గా మార్చేయండి. ఎర్రర్ ఈక్వల్స్ అని ఫ్లాగు పేరు ఇస్తే అదొక్కటే ఎర్రర్ అవుతుంది. ఇక అది వెనక్కి రాదు. తర్వాత ఇంకొకటి. లైనక్స్ కెర్నల్‌లో వీఎల్‌ఏలను ఇలాగే ఒక్కొక్కటిగా ఏరేసి 4.20 వెర్షన్ నాటికి లేకుండా చేశారు, ఫాల్‌త్రూ వార్నింగును 2019లో 5.3 తో అంతటా ఆన్ చేశారు. అంత కోడ్‌లో అయింది, మన ప్రాజెక్టులో అవ్వకపోదు.

బయటి లైబ్రరీల హెడర్ల నుంచి వచ్చే వార్నింగులు మీ పని కాదు. వాటి డైరెక్టరీని పెద్ద ఐ ఆప్షన్‌తో కాకుండా ఐసిస్టమ్ ఆప్షన్‌తో ఇస్తే కంపైలర్ వాటిని సిస్టమ్ హెడర్లుగా చూసి ఊరుకుంటుంది.

ఆప్టిమైజేషన్ విషయం మర్చిపోవద్దు. మేబీ-అన్‌ఇనిషియలైజ్డ్, అరే-బౌండ్స్ లాంటివి జీసీసీలో ఆప్టిమైజర్ చేసే విశ్లేషణ మీద ఆధారపడతాయి, ఓ0 లో, అంటే ఆప్టిమైజేషన్ లేకుండా, బిల్డ్ చేస్తే అవి సరిగ్గా పనిచేయవు. డెవలపర్లందరూ డీబగ్ బిల్డ్ చేసుకుంటూ ఉంటే అవి ఎవరికీ కనపడవు, సీఐలో (ప్రతి మార్పుకూ తనంతట తానే బిల్డ్, టెస్టులు నడిపే సర్వర్‌లో) ఆప్టిమైజేషన్‌తో చేసే ఓ2 బిల్డ్ కూడా ఒకటి ఉండాలి. మేబీ-అన్‌ఇనిషియలైజ్డ్ తప్పుడు అలారాలు ఎక్కువే ఇస్తుంది, కెర్నల్ వాళ్లే 2020లో మామూలు బిల్డ్‌లోంచి తీసేశారు. పెట్టుకుంటే మాత్రం వార్నింగు పోవడానికి వేరియబుల్‌కి ఊరికే సున్నా ఇచ్చేయకండి. నిజంగానే ఒక దారిలో విలువ పెట్టడం మర్చిపోయి ఉంటే, ఆ సున్నా వల్ల మెమరీ తప్పులు పట్టే వాల్‌గ్రిండ్ టూల్‌కి కూడా దొరకకుండా పోతుంది.

నోరు మూయించే ముందు ఎందుకు మోగుతోందో అర్థం కావాలి అనడానికి డెబియన్ అనే లైనక్స్ డిస్ట్రిబ్యూషన్ కథ కన్నా పెద్ద ఉదాహరణ లేదు. అది కంపైలర్ కాదు, వాల్‌గ్రిండ్ ఇచ్చిన ఫిర్యాదు. ఇనిషియలైజ్ కాని మెమరీ వాడుతున్నారంటే 2006లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ప్యాకేజీలో ఒకట్రెండు లైన్లు తీసేశారు. వాటితోపాటు ర్యాండమ్ నంబర్లకు అందాల్సిన ఎంట్రోపీ (ఎవరూ ఊహించలేని ముడి డేటా) అంతా పోయి, దాదాపు ప్రాసెస్ ఐడీ ఒక్కటే మిగిలింది. 2008 మే దాకా ఎవరూ గమనించలేదు, అప్పటిదాకా ఆ ప్యాకేజీతో తయారైన కీలన్నీ ఊహించగలిగేవే. కాబట్టి ఒక చోట వార్నింగు ఆపక తప్పదు అనుకుంటే ప్రాగ్మా పుష్, పాప్ మధ్య ఆ కొన్ని లైన్లకే ఆపండి, పైన ఎందుకు ఆపారో కామెంట్ రాయండి. కారణం రాయలేకపోతున్నారంటే ఇంకా అర్థం కాలేదన్నమాట.

అన్నిటినీ ఎర్రర్లు చేసేయాలా

మీ సీఐలో, మీరు ఎంచుకున్న కంపైలర్ వెర్షన్ మీద, చేయండి. జనం డౌన్‌లోడ్ చేసుకుని బిల్డ్ చేసుకునే సోర్స్‌లో మాత్రం డిఫాల్ట్‌గా ఉండకూడదు. వాళ్ల దగ్గర రేపు వచ్చే కంపైలర్‌లో కొత్త వార్నింగు ఉంటుంది, మీ కోడ్‌లో ఏమీ మారకపోయినా వాళ్ల బిల్డ్ ఆగిపోతుంది. 2021లో లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ కెర్నల్ మొత్తానికి దీన్ని డిఫాల్ట్ చేస్తే రకరకాల కంపైలర్లు, ఆర్కిటెక్చర్ల మీద బిల్డులు విరిగాయి, కొద్ది రోజుల్లోనే టెస్ట్ బిల్డులకు మాత్రమే డిఫాల్ట్‌గా ఉండేలా తగ్గించారు.

కంపైలర్ వెర్షన్ మార్చినప్పుడు ఈ లిస్టును ఒకసారి తిరిగి చూడండి. 2024లో వచ్చిన జీసీసీ 14 డిక్లేర్ చేయని ఫంక్షన్‌ను పిలవడం, ఇంట్‌కీ పాయింటర్‌కీ మధ్య ఊరికే మార్పిడి, పొంతన లేని పాయింటర్ టైపులు, వీటిని వార్నింగు స్థాయి నుంచి ఎర్రర్ స్థాయికి తెచ్చింది. ఇంకా పాత కంపైలర్ మీదున్నవాళ్లు ఆ మూడిటినీ ఇప్పుడే ఎర్రర్ ఈక్వల్స్‌తో పెట్టేసుకుంటే అప్‌గ్రేడ్ రోజు టెన్షన్ ఉండదు. కాన్ఫిగర్ స్క్రిప్టులు వాడే ప్రాజెక్టుల్లో ఇంకో ప్రమాదం ఉంది. ఆ స్క్రిప్టు చిన్న చిన్న ప్రోగ్రాములు కంపైల్ చేసి, కంపైల్ అయితే ఆ ఫీచర్ ఉంది, కాకపోతే లేదు అని రాసుకుంటుంది. మీరు సీఫ్లాగ్స్‌లో అన్నిటినీ ఎర్రర్ చేసే ఫ్లాగు పెట్టి కాన్ఫిగర్ నడిపితే, లేదా పాత పద్ధతిలో రాసిన టెస్టులను జీసీసీ 14 తిప్పికొడితే, ఉన్న ఫీచర్ లేదని రాసుకుని బిల్డ్ మాత్రం విజయవంతంగా పూర్తి చేస్తుంది. అందుకే ఎర్రర్ ఫ్లాగును కాన్ఫిగర్ అయిపోయాక, మేక్ దగ్గర ఇవ్వండి. ఫ్లాగులు గానీ కంపైలర్ గానీ మార్చిన ప్రతిసారీ పాత కాన్ఫిగ్ హెడర్‌నూ కొత్తదాన్నీ డిఫ్ కొట్టి చూడండి, ఒక్క లైను తేడా వచ్చినా దాని కారణం తేల్చాకే మెర్జ్ చేయండి.